మట్టిదారి పనికి వచ్చిన మెకానిక్‌కి జీతం ఎవరిస్తారు?

ఫలానా సైకిల్ షాపు వాళ్ళు వారం వారం రైడ్ పెడుతున్నారంటే, ట్రయల్, అంటే కొండల్లో అడవుల్లో సైకిళ్ళు తొక్కే మట్టిదారి, బాగుచేయడానికి మనుషుల్ని పంపుతున్నారంటే అందరికీ ముచ్చటేస్తుంది. నాకూ వేస్తుంది. ఫోటోలు చూస్తాం, మెచ్చుకుంటాం, ఈసారి మనమూ వెళ్దాం అనుకుంటాం. ఆ ఫోటోలో షాపు పేరున్న టీషర్టు వేసుకుని, చేతిలో పార పట్టుకుని నిలబడ్డ మనిషికి ఆ పూట జీతం ముట్టిందా లేదా అని మాత్రం ఎవరూ అడగరు. నేను అడుగుతాను. అడిగినప్పుడు కొందరి మొహాలు మారతాయని తెలిసే అడుగుతాను. ఒక షాపు రైడర్లకీ దారులకీ నిజంగా ఏమిచ్చిందో తేలేది అక్కడే. బ్యానర్లు, డిస్కౌంట్ కూపన్లు, ఉచిత స్టిక్కర్లు చూస్తే తేలదు.

సూటిగా చెప్తాను. షాపు తరఫున రైడ్ నడిపే ఉద్యోగి, షాపు తరఫున ట్రయల్ మీద మట్టి తవ్వే ఉద్యోగి పనిలో ఉన్నట్టే లెక్క. ఆ గంటలకు జీతం ఇవ్వాలి. ఇవ్వగలిగినంత మేరకే ఆ కార్యక్రమాలు పెట్టుకోవాలి. నెలకి ఒక్కటే రైడ్ అయినా సరే, జీతమిచ్చి నడిపే షాపు, ఉద్యోగుల మొహమాటం మీద వారానికి మూడు నడిపే షాపు కంటే నా దృష్టిలో పెద్దది.

ముందు, షాపులకి ఈ గొడవంతా ఎందుకు అనేవాళ్ళకి జవాబు చెప్పాలి. సైకిళ్ళు అమ్ముకుని, బాగుచేసుకుని బతికేవాళ్ళు దారుల సంగతి ఎందుకు పట్టించుకోవాలి, అది ప్రభుత్వం పని కదా అంటారు. సైకిల్ వ్యాపారం మొదలైన రోజుల్లోనే ఈ మాట నిలబడలేదు. అమెరికాలో కొలంబియా అనే బ్రాండు సైకిళ్ళు తయారుచేసిన ఆల్బర్ట్ పోప్‌కి ఒక విషయం తొందరగానే అర్థమైంది: తొక్కడానికి దారి లేకపోతే సైకిల్ కొనేవాడు ఉండడు. అప్పట్లో ఊరు దాటితే రోడ్లు వానకాలం బురద, ఎండాకాలం దుమ్ము. 1880లో లీగ్ ఆఫ్ అమెరికన్ వీల్‌మెన్ అనే సైకిలిస్టుల సంఘం పుట్టింది. మంచి రోడ్లు కావాలని ఆ సంఘం నడిపిన ఉద్యమానికి, 1892లో మొదలైన 'గుడ్ రోడ్స్' పత్రికకి పోప్ డబ్బు పెట్టాడు. ఎంఐటీలో రోడ్ల ఇంజనీరింగ్ చదువుకీ సాయం చేశాడు. 1893లో అమెరికా వ్యవసాయ శాఖలో రోడ్ల వివరాలు సేకరించే కార్యాలయం ఒకటి ఏర్పడింది. కార్లు రోడ్డెక్కక ముందు మాట ఇది. పోప్ ఇదంతా ధర్మకార్యంగా చేశాడని నేననను. వ్యాపారి, లాభం చూసుకునే చేశాడు. అయినా చేశాడు, అదీ తన జేబులోంచి ఇచ్చి చేశాడు.

కొండదారుల సైకిళ్ళ కథ కూడా ఇంచుమించు ఇలాగే నడిచింది. కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీలో 1976లో కొందరు కుర్రాళ్ళు పాత బరువు సైకిళ్ళు వేసుకుని కొండ మీద నుంచి ఒక మట్టిరోడ్డు వెంట కిందకి పందేలు వేసుకున్నారు. వెనక చక్రంలోని బ్రేకు వేడెక్కి గ్రీజు మాడిపోయేది, ప్రతి దిగుడు తర్వాతా చక్రం మధ్యనుండే హబ్ విప్పి మళ్ళీ గ్రీజు పెట్టాల్సొచ్చేది. అందుకే ఆ పందేనికి రీప్యాక్ అని పేరొచ్చింది. 1979కల్లా వాళ్ళలో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి మౌంటెన్‌బైక్స్ పేరుతో కంపెనీయే పెట్టారు. పదేళ్ళు తిరక్కముందే ఆ సైకిళ్ళు అన్ని షాపుల్లోకీ వచ్చేశాయి, దాంతోపాటే దారుల దగ్గర 'సైకిళ్ళు రాకూడదు' అనే బోర్డులూ వచ్చాయి. నడిచేవాళ్ళు భయపడ్డారు, గుర్రాలవాళ్ళు ఫిర్యాదు చేశారు, దారులు కోసుకుపోతున్నాయని అటవీ అధికారులు అన్నారు. ఆ మూసివేతలకి జవాబుగానే 1988లో కాలిఫోర్నియా క్లబ్బులు కొన్ని కలిసి ఇంటర్నేషనల్ మౌంటెన్ బైసికిలింగ్ అసోసియేషన్‌ని, అదే ఐఎంబీఏని పెట్టుకున్నాయి.

సరుకు అమ్మినంత వేగంగా ఎలా తొక్కాలో, ఎక్కడ ఆగాలో, దారిని ఎలా కాపాడుకోవాలో నేర్పే ఏర్పాటు జరగలేదు. ఆ వెలితి ఇప్పటికీ ఉంది. దాన్ని పూడ్చగలిగే చోటు షాపేనని నేను నమ్ముతాను. క్లబ్బుకి వచ్చేవాళ్ళు అప్పటికే రైడర్లు. నిన్నగాక మొన్న సైకిల్ కొన్నవాళ్ళు, ఎవరితో తొక్కాలో తెలియనివాళ్ళు, గ్రూపులోకి వెళ్తే నవ్వుతారేమోనని జంకేవాళ్ళు ముందుగా గుమ్మం తొక్కేది షాపుదే. వాళ్ళ పేరు తెలిసేది, వాళ్ళ సైకిల్ ఏ స్థితిలో ఉందో తెలిసేది ఆ షాపు మెకానిక్‌కే. ఆ పరిచయం ఇంకెవరి దగ్గరా ఉండదు.

మంచి షాపు రైడ్‌లో మొదటి పావుగంట గమనించండి. షాపు మనిషి వరసగా ఒక్కో సైకిల్ దగ్గర ఆగుతారు. రెండు బ్రేకు లీవర్లూ నొక్కి చూస్తారు. లీవర్ మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తే ఆ సైకిల్ పక్కకి. ముందు బ్రేకు పట్టి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపుతారు, హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు, అదే హెడ్‌సెట్, వదులుగా ఉంటే చేతికి టకటకమని తెలుస్తుంది. చక్రాల యాక్సిల్ బిగించి ఉందో లేదో తడుముతారు. తర్వాత టైరు మీద బొటనవేలు. కొత్తవాళ్ళు దాదాపు ఎప్పుడూ రోడ్డు మీద తొక్కినంత గాలితోనే వస్తారు. రాళ్ళూ వేళ్ళూ ఉన్న దారిలో అంత గట్టి టైరుకి పట్టు దొరకదు, ఎగిరెగిరి పడుతుంది. మెకానిక్ వాల్వు నొక్కి కాస్త గాలి వదిలి, "ఇప్పుడు తొక్కి చూడండి" అంటారు. ఒక్క మాట పాఠం చెప్పరు. పది నిమిషాల తర్వాత దిగుడులో ఆ మనిషి భుజాలు సడలడం వెనక నుంచి మనకి కనిపిస్తుంది. నాకు రైడ్‌లో అన్నిటికంటే ఇష్టమైన క్షణం అదే.

ఈ చిన్న పని వెనక ఎన్నేళ్ళ చెయ్యి ఉందో ఆలోచించండి. ఇది ఉత్సాహం ఉంటే ఎవరైనా చేసే పని కాదు. అదే మనిషి పగలు షాపులో ఇదే చెకింగ్ చేస్తే బిల్లు వేస్తారు. సాయంత్రం బయట చేస్తే 'సేవ' అంటారు.

రైడ్ నడపడంలో కూడా తెలియాల్సింది చాలా ఉంది. ఎవర్నీ వదిలిపెట్టం అని ప్రకటించే రైడ్‌లు చాలానే ఉన్నాయి. ఆచరణలో ఏం జరుగుతుందంటే, ముందున్నవాళ్ళు ప్రతి మలుపు దగ్గరా ఆగి మాట్లాడుకుంటారు. చివరి మనిషి ఆయాసపడుతూ వచ్చి కాలు కింద పెట్టగానే "అందరూ వచ్చారు, పదండి" అని కదిలిపోతారు. అంటే వేగంగా తొక్కేవాళ్ళకి ప్రతిచోటా విశ్రాంతి, విశ్రాంతి కావాల్సిన మనిషికి అసలు లేదు. అలా రెండుసార్లు జరిగితే ఆ మనిషి మళ్ళీ రారు, ఎందుకు రావడం లేదో చెప్పరు కూడా. తెలిసిన లీడర్ చివరి మనిషి వచ్చాక నీళ్ళు తాగేదాకా, ఊపిరి కుదుటపడేదాకా ఆగుతారు, తర్వాత "వెళ్దామా?" అని వాళ్ళనే అడుగుతారు. ఎవరూ తప్పిపోకుండా అందరికంటే చివర్లో వచ్చే మనిషి, అంటే స్వీప్ కూడా, నెమ్మదిగా తొక్కేవాళ్ళని వెనక నుంచి తరుముతున్నట్టు ఉండకూడదు, కాస్త దూరంలో ఉండాలి. నేను ఎక్కువగా వెనకే తొక్కుతాను కాబట్టి ఇవి నా కళ్ళకి బాగా ఆనతాయి.

ఇక ట్రయల్ పని. మట్టి దారిని పాడుచేసేవాటిలో చక్రం కంటే నీళ్ళే పెద్దవి. చక్రం గాడి వేస్తుంది, నీళ్ళు ఆ గాడిని కాలువ చేస్తాయి. అందుకే దారులు వేసేవాళ్ళ లెక్కలన్నీ నీళ్ళ చుట్టూనే తిరుగుతాయి. కొండవాలుకి ఎదురుగా నిట్టనిలువుగా దారి వేస్తే నీళ్ళు దాన్నే పట్టుకుని దిగుతాయి, ఆపేవాడుండడు. వాలుకి అడ్డంగా వేస్తే దారిని దాటి కిందకి జారిపోతాయి. దారి ఎంత ఏటవాలుగా ఎక్కుతుందో ఆ ఎక్కుడు, పక్కనున్న కొండవాలులో సగానికి మించకూడదు. అంటే కొండవాలు 20 శాతం ఉంటే దారి ఎక్కుడు 10 శాతం లోపే ఉండాలి. దారి మొత్తం మీద సగటు ఎక్కుడు కూడా 10 శాతం దాటకపోతే మేలు. దారి బయటి అంచు సుమారు 5 శాతం కిందకి వాలి ఉండాలి, అంటే మీటరు వెడల్పుకి 5 సెంటీమీటర్లు. ఐఎంబీఏ ఈ లెక్కల్ని ఊరూరా తిరిగి నేర్పించింది. 1997లో ఇద్దరేసి మనుషుల బృందాలను బండ్లిచ్చి పంపడం మొదలుపెట్టింది, వాళ్ళ పనే అది.

ఆ 5 సెంటీమీటర్లు ఎలా పోతాయో దగ్గరగా చూస్తేనే తెలుస్తుంది. చక్రాలు, బూట్లు మధ్యలో తొక్కీ తొక్కీ దారి దొప్పలా గుంటపడుతుంది. పక్కకి నెట్టిన మట్టి బయటి అంచున సన్నటి గట్టులా పేరుకుంటుంది. నాలుగు వేళ్ళ ఎత్తు కూడా ఉండదు, తొక్కేటప్పుడు కంటికే ఆనదు. వాన పడ్డాక ఆ గట్టు నీళ్ళని బయటకి పోనివ్వదు. నీళ్ళు దారి పొడవునా పరిగెత్తి, పల్లం ఎక్కడ దొరికితే అక్కడ మడుగు కడతాయి. వచ్చినవాళ్ళు మడుగులోకి దిగకుండా పక్క గడ్డి మీద నుంచి పోతారు. కొన్నాళ్ళకి అదీ బురదవుతుంది, ఇంకాస్త పక్కకి జరుగుతారు. ఇరుకు దారి కాస్తా పెద్ద బురద మైదానం అయి కూర్చుంటుంది. చేయాల్సిందల్లా ఆ సన్నటి గట్టుని గీకేయడం. మెక్‌లాయిడ్ అనే పనిముట్టు ఉంది, ఒకవైపు పెద్ద పళ్ళు, మరోవైపు పదునైన పలక. 1905లో మాల్కమ్ మెక్‌లాయిడ్ అనే అటవీ రేంజర్ దాన్ని రూపొందించాడు. దాని పలకతో అంచుని లాగి, మట్టిని కిందవైపు చల్లి, పలకనే బోర్లా పెట్టి తట్టి అదుముతారు. మడుగు ఉన్నచోట అలా గీయగానే నీళ్ళు ఒక్క క్షణం ఆగి, సన్నగా దారి వెతుక్కుని, తర్వాత గబగబా అంచు దాటి దిగిపోతాయి. అది చూసిన కొత్త వాలంటీర్ ఎవరైనా సరే, పక్క మడుగు ఎక్కడుందా అని వెతుక్కుంటారు. ఒక పూట చూస్తే జీవితాంతం దారిని ఇంకో కంటితో చూస్తారు.

అందుకే షాపు వాళ్ళు ట్రయల్ పని రోజు పెట్టాలని నేను గట్టిగా కోరుకుంటాను. టైరు అమ్మిన మనిషే ఆ టైరు దారికి ఏం చేస్తుందో చూపిస్తే వినేవాళ్ళు వింటారు. వాన తర్వాత దారి తడిగా ఉన్నప్పుడు షాపు చేయగలిగే మేలు ఇంకొకటి ఉంది, అది రైడ్ రద్దు చేయడం. బురద తొక్కుతున్న ఫోటోలకి ఎక్కువ మెప్పొస్తుందని షాపు వాళ్ళకీ తెలుసు. వచ్చేవాళ్ళు సిద్ధంగా ఉంటారు, రద్దంటే విసుక్కుంటారు. అయినా "ఈ వారం లేదు, దారి ఆరలేదు" అని రాసిపెట్టి, అదే సాయంత్రం షాపులో ట్యూబ్ మార్చడం నేర్పిస్తామని పిలిచే షాపుంటే నా డబ్బంతా అక్కడే ఖర్చుపెడతాను. మిగతా ప్రచారమంతా ఒక ఎత్తు, ఆ రద్దు ఒక్కటీ ఒక ఎత్తు.

అసలు గొడవకి వస్తాను. రైడ్ నడిపే, మడుగు తవ్వే ఈ నైపుణ్యమంతా ఎవరిది? ఎక్కువగా మెకానిక్‌లది. సైకిల్ షాపుల్లో జీతాలు గొప్పగా ఉండవని లోపల పనిచేసినవాళ్ళెవరైనా చెప్తారు. వాళ్ళు ఈ పనిలో ఉన్నది సైకిళ్ళ మీద ప్రేమతోనే. ఆ ప్రేమనే ఆసరా చేసుకుని, ఎలాగూ తొక్కేవాళ్ళే కదా, రైడ్ కూడా నడిపేయండి అనడం చాలా తేలిక. నాకు తెలిసిన ఒక మెకానిక్ చాలాకాలం సాయంత్రం రైడ్‌లు నడిపారు. ఏ షాపో చెప్పను, అది ముఖ్యం కాదు. రానని చెప్పే హక్కు కాగితం మీద తనకి ఉందనీ, కానీ సెలవులు ఎవరికి ముందు దొరుకుతాయో నిర్ణయించేది, రైడ్‌కి వస్తావా అని అడిగేది ఒకే మనిషి అనీ నాతో అన్నారు. చివరికి షాపు మానేశారు, కొంతకాలం సైకిలే ముట్టలేదు. మనకి ఒక మెకానిక్ తక్కువయ్యారు, ఒక రైడ్ లీడర్ తక్కువయ్యారు, ట్రయల్ మీద ఒక మంచి చెయ్యి పోయింది. ఇలాంటి నష్టం ఏ లెక్కలోకీ రాదు.

అమెరికా కార్మిక చట్టం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. లాభం కోసం నడిచే ప్రైవేటు సంస్థకి దాని ఉద్యోగి 'వాలంటీర్'గా పనిచేయడం కుదరదు. ధర్మకార్యమైనా సరే, యజమాని అడిగితే చేసినదైతే, యజమాని చెప్పుచేతల్లో జరిగినదైతే అది పని సమయమే. ఇంకోచోట చట్టం ఇంకోలా ఉండొచ్చు, కానీ ఇందులోని న్యాయం ఏ దేశంలోనైనా అర్థమవుతుంది. వద్దు అనగలిగే మనిషి చేసేదే స్వచ్ఛంద సేవ. షాపు యజమాని తన సెలవు రోజున పార పడితే అది సేవ. మీరూ నేనూ పడితే సేవ. షాపు టీషర్టు వేసుకుని, షాపు చెప్పిన చోటికి, షాపు చెప్పిన టైముకి వచ్చిన ఉద్యోగి చేసేది ఉద్యోగం.

జీతం ఇస్తే సేవాభావం చచ్చిపోతుందని నాతో వాదించినవాళ్ళున్నారు. నాకు కనిపించింది దానికి తలకిందులు. డౌనీవిల్ సంగతి తీసుకోండి. కాలిఫోర్నియా కొండల్లో, బంగారం కోసం జనం పరుగెత్తిన కాలంలో పుట్టిన చిన్న ఊరు అది. అక్కడ గ్రెగ్ విలియమ్స్ యూబా ఎక్స్‌పెడిషన్స్ అని ఒక సైకిల్ షాపు పెట్టి, రైడర్లని కొండ మీదకి బండ్లలో చేరవేసేవాడు. ఎక్కువమంది వచ్చేకొద్దీ దారులకి పని పెరిగింది. 2003లో సియర్రా బ్యూట్స్ ట్రయల్ స్టీవర్డ్‌షిప్ అనే లాభాపేక్ష లేని సంస్థ పుట్టింది. ఆ షాపు ఇప్పుడు ఆ సంస్థదే, షాపు సంపాదన దారులకి వెళ్తుంది. అక్కడ జీతాల మీద పనిచేసే ట్రయల్ బృందాలున్నాయి, వాళ్ళ పక్కనే వాలంటీర్లూ పనిచేస్తారు. జీతగాళ్ళు ఉన్నారని వాలంటీర్లు రావడం మానలేదు. పని తెలిసిన మనిషి పక్కన ఉంటే వాలంటీర్ గంట కూడా వృథా కాదు. ఎవరూ చెప్పేవాళ్ళు లేక అందరూ ఒకే మడుగు చుట్టూ మూగి, మధ్యాహ్నం దాకా దాన్నే తవ్విన పని రోజులు నేను చూశాను.

చిన్న షాపుకి అంత స్తోమత ఎక్కడిది అంటారు. ఇది నిజమైన ప్రశ్న, దీన్ని తేలిగ్గా తీసేయను. షాపుల పరిస్థితి కొన్నేళ్ళుగా బాగాలేదు. 2020లో కరోనా కాలంలో సైకిళ్ళకి ఎగబడ్డారు, సరుకు దొరకలేదు. దొరికేనాటికి కొనేవాళ్ళు తగ్గారు, గోడౌన్లు నిండిపోయాయి, ధరలు తెగ్గోసి అమ్మాల్సొచ్చింది. కంపెనీలు నేరుగా ఇంటికే పంపుతున్నాయి. పైగా కంపెనీ తప్పులు సరిదిద్దే పని కూడా షాపుల నెత్తినే పడుతుంది. 2023లో విడిభాగాల కంపెనీ షిమానో తన రోడ్డు సైకిళ్ళ క్రాంకులు, అంటే పెడల్ బిగించే కడ్డీలు, కొన్ని ఊడివస్తున్నాయని వెనక్కి పిలిచినప్పుడు, ఒక్క ఉత్తర అమెరికాలోనే 7,60,000 క్రాంకుల సంగతి అది, వాటిని ఒక్కొక్కటిగా పరీక్షించే పని పడింది షాపుల్లోని మెకానిక్‌ల మీదే. ఇంత బరువు మోస్తున్న షాపుని ఇంకా ఇవ్వమనడం నాకూ బాధే. అందుకే తక్కువ చేయండి అంటున్నాను. రెండు నెలలకో పని పూట, జీతమున్న ఒక్క మనిషి, నాలుగు పనిముట్లు. పక్క షాపుతో కలిసి చేస్తే ఇంకా తేలిక. ఒకరు రైడ్ నడిపితే ఇంకొకరు పనిముట్లు తేవచ్చు. పోటీ షాపు వాళ్ళ టీషర్టు పక్కన నిలబడటానికి మొహమాటపడే యజమానులకి నేను చెప్పేది ఒక్కటే: దారి మూసేస్తే ఇద్దరికీ మూసేస్తారు.

మూసేయడం అన్నది ఊరికే భయపెట్టడానికి అనలేదు. అమెరికాలోని వెర్మాంట్‌లో కింగ్డమ్ ట్రయల్స్ అనే దారుల సముదాయం ఉంది, 1994లో మొదలైంది. ఎందరో ప్రైవేటు భూయజమానులు తమ నేల మీద నుంచి దారిపోనిస్తే ఏర్పడింది. అది అక్కడి ఊళ్ళకి బతుకుతెరువయ్యింది, ఎక్కడెక్కడి నుంచో రైడర్లు వచ్చారు. 2019 డిసెంబరులో ముగ్గురు యజమానులు ఇక తమ నేల మీద సైకిళ్ళు వద్దన్నారు. ముగ్గురే, కానీ పేరున్న దారులు కొన్ని వాళ్ళ నేల మీదే ఉన్నాయి, రాత్రికి రాత్రి అవి పోయాయి. నేల ఇచ్చినవాళ్ళు ఎవరికీ ఏమీ బాకీ లేరు, మనమే వాళ్ళకి బాకీ ఉన్నాం. షాపు రైడ్ పెట్టేవాళ్ళు ఎంతమందిని తీసుకెళ్ళాలి, ఎక్కడ పార్కింగ్ చేయాలి, గుర్రం ఎదురొస్తే దిగి పలకరించాలి అన్న సంగతులు మొదటి నిమిషంలోనే చెప్పాలని నేను పట్టుబట్టేది ఇందుకే. గుంపు పెద్దదయ్యేకొద్దీ షాపు పేరు పెరుగుతుంది, దారి ఆయుష్షు తరుగుతుంది. పాతికమంది వస్తే రెండు గుంపులు చేసి వేర్వేరు దారులకి పంపాలి, దానికి ఇంకో లీడర్ కావాలి, ఆ లీడర్‌కీ జీతం కావాలి. ఎటు తిరిగినా లెక్క అక్కడికే వస్తుంది.

కరెంటు సాయమున్న కొండ సైకిళ్ళ విషయంలో షాపుల బాధ్యత ఇంకా ఎక్కువ. అవి ఏ దారుల్లో రావచ్చో ఏ దారుల్లో రాకూడదో నేల ఎవరిదైతే వాళ్ళు నిర్ణయిస్తారు, ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. కొన్న మనిషికి ఆ సంగతి బోర్డు దగ్గరో, ఎవరితోనో గొడవపడ్డాకో తెలియకూడదు. బిల్లు రాసేటప్పుడే మ్యాపు తీసి చూపించాలి. దీనికి ఖర్చేం లేదు, అమ్మకం పోతుందేమోనన్న భయం తప్ప.

షాపుల్ని ఇంత అడిగాక రైడర్లని వదిలేస్తే న్యాయం కాదు. ఉచిత రైడ్‌కి వారం వారం వచ్చి, సైజు షాపులో చూసుకుని, రెండు వందల గ్రాముల తేడా గురించి మెకానిక్‌తో గంటసేపు మాట్లాడి, సైకిల్ మాత్రం నెట్‌లో కొనేవాళ్ళు మన మధ్యే ఉన్నారు. నెట్‌లో కొనొద్దని నేను చెప్పను, ఎవరి జేబు వాళ్ళది. కానీ ఆ సైకిల్‌ని సర్వీసుకి తెచ్చినప్పుడు లేబర్ చార్జీ దగ్గర బేరం ఆడకండి. విడిభాగాల మీద షాపుకి మిగిలేది ఎంతో కాదు, మెకానిక్ గంటకి పడే చార్జీలోంచే మిగతావన్నీ నడవాలి. రైడ్ ముందు మీ బ్రేకు చూసిన ఆ పావుగంట కూడా దాన్లోంచే రావాలి. గొలుసు అరిగిందని చెప్తే మార్పించుకోండి, అరిగిన గొలుసు వెనక చక్రం మీదుండే పళ్ళచక్రాల గుత్తిని, అదే క్యాసెట్‌ని కూడా తినేస్తుంది, అప్పుడు బిల్లు రెండింతలవుతుంది. రైడ్‌కి వచ్చేటప్పుడు ట్యూబ్, పంపు, తెగిన గొలుసుని కలిపే క్విక్‌లింక్ మీవి మీరు తెచ్చుకోండి. లీడర్ సంచి అందరి సంచీ కాదు.

పని రోజుకి రండి. రైడ్‌కి నలభై మంది, పని రోజుకి అయిదుగురు అన్న తీరు ఎక్కడ చూసినా ఉంది. షాపు ఈ రెంటినీ ముడిపెట్టొచ్చు. ఉదయం గంటన్నర పని, తర్వాత అదే దారి మీద రైడ్. గీసిన అంచు మీద నుంచే తొక్కుకుంటూ పోతే చేసిన పని కాళ్ళకి తెలుస్తుంది. చేతులు నొప్పెట్టేదాకా పని చేయించక్కర్లేదు. అలసిపోయిన చేతిలో పదునైన పనిముట్టు ప్రమాదం. పులాస్కీ అని ఒకటి ఉంటుంది, ఒకవైపు గొడ్డలి, ఇంకోవైపు బాడిసె. 1910 నాటి మహా కార్చిచ్చులో తన మనుషుల్ని కాపాడిన రేంజర్ ఎడ్ పులాస్కీ పేరు మీద వచ్చింది. వేళ్ళు నరకడానికి దాన్ని మించింది లేదు. దాన్ని భుజాన వేసుకుని నడుస్తూ వెనక్కి తిరిగిన కొత్తవాళ్ళని చూసి నా గుండె ఆగినంత పనైంది. పనిముట్టు ఎప్పుడూ పక్కన, పదును కిందకి పెట్టి పట్టుకోవాలి, మనిషికీ మనిషికీ మధ్య చేయి చాపినా తగలనంత దూరం ఉండాలి. ఇది చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. చెప్పే బాధ్యత ఉన్న మనిషి ఒకరు అక్కడ ఉండాలి, ఆ మనిషి హడావిడిలో ఉండకూడదు.

ఆఖరుగా షాపు యజమానులని ఒకటి అడుగుతాను, పెద్ద ఖర్చేం కాదు. పని రోజున సంతకాలు పెట్టే కాగితం ఒకటి ఉంటుంది కదా, ఎవరు వచ్చారు, ఎన్ని గంటలు చేశారు అని. దాన్ని నిర్లక్ష్యం చేయకండి. దారిని మూయాలా తెరిచి ఉంచాలా అన్న మాటొచ్చినప్పుడు, నేల యజమాని ముందో అటవీ అధికారి ముందో రైడర్ల తరఫున పెట్టగలిగే గట్టి సాక్ష్యం అదే. చాలాచోట్ల గ్రాంటు అడిగేటప్పుడు వాలంటీర్ల గంటల్ని సంస్థ పెట్టిన వాటాగా లెక్కకడతారు. ఆ కాగితంలో ఇంకొక్క గడి గీయండి. వాలంటీర్ల గంటలు ఒకవైపు, షాపు జీతమిచ్చి పంపిన గంటలు ఇంకోవైపు, ఈ రెండో గడి పైన షాపు పేరు. అది షాపు ఇచ్చిన విరాళం, బ్యానర్ మీద కంటే అక్కడ రాయడం బాగుంటుంది. ఆ గడి ఖాళీగా ఉంటే, టీషర్టు వేసుకుని వచ్చిన మెకానిక్ తన పేరు ఏ గడిలో రాయాలో యజమానే ఆ పూట అందరి ముందూ చెప్పాలి.